అక్క కడిగిన గొట్టాలు

నా చేతిలో ఏదో గొప్పతనం ఉందని మా ల్యాబ్ మొత్తం ఒక ఎండాకాలం పాటు నమ్మింది. నేనూ నమ్మాను. ఎవరైనా పొగుడుతుంటే కాదనడానికి నోరు రాదు కదా, పైగా అప్పటికి నాది టెంపరరీ ఉద్యోగం. ఇప్పుడు ల్యాబుల్లో చేరుతున్న కుర్రవాళ్లు, అమ్మాయిలు నేను కనిపిస్తే చాలు, "మీ రోజుల్లో ఇవన్నీ చేత్తోనే ఎలా చేశారు సార్" అని అడుగుతుంటారు. నా చెయ్యి చేసిన పనుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నా చెయ్యి చేయని పని ఒకటుంది, దాని వల్లే నేను ఈ వృత్తిలో మిగిలాను. అది చెబుతాను.

డెబ్బైల్లో మాట. మా ల్యాబ్ పాతబస్తీలో ఒక పాత దేవిడీలో ఉండేది. ఏ నవాబుదో తెలియదు గానీ, వాళ్ల గుర్రాల కొట్టంలో మా ఎలుకలు ఉండేవి. వాళ్ల వంటింట్లో మా గాజు సామాను కడిగేవాళ్లం. గోడలు ఎంత మందమంటే బయట రోళ్లు పగిలే ఎండ కాస్తున్నా లోపల చల్లగా ఉండేది. మాది మాదన్నపేట. ఇంట్లో బర్రెలు ఉండేవి, బాపు వాడుక ఇళ్లకు పాలు పోసేవాడు. నేను బీఎస్సీ గట్టెక్కి, పొద్దున బర్రెల పని చూసుకుని, సైకిల్ మీద ల్యాబ్‌కు వెళ్లేవాడిని. మొదటి రోజే ల్యాబ్ నడిపే మా సారు నన్ను ఎగాదిగా చూసి, "మియా, నీ దగ్గర పాల వాసన వస్తుంది. మంచిదే. పాములోళ్ల దగ్గర పాలు ఉండాలె గదా" అన్నారు.

పాములోళ్లు అని ఆయన ఊరికే అనలేదు. కట్లపాము కరిస్తే మనిషికి కండరాలు పడిపోతాయి. నరం పంపే కబురును అందుకునే చోట్లు కండరం మీద ఉంటాయి. విషంలోని ఒక పదార్థం పోయి ఆ చోట్లను పట్టుకుని కూర్చుంటుంది, ఇక కబురు అందదు. అలాంటి చోట్లు ఎన్ని ఉన్నాయి, విషం వాటిని ఎంత గట్టిగా పట్టుకుంటుంది అని కొలవడమే మా పని. ఆ పదార్థాన్ని వేరు చేసి, రేడియోధార్మిక అయోడిన్ తగిలించి, బొంబాయి నుంచి సీసం డబ్బాలో పంపేవారు. దాన్ని మేం 'హాట్' అనేవాళ్లం.

ఎలుక కాలి కండరాన్ని ఐసు మీద మెత్తగా నూరి గాజు గొట్టంలో వేస్తాం. హాట్ విషం కలిపి కొంతసేపు ఉంచి, గుండ్రటి ఫిల్టర్ కాగితం మీద పోసి పంపుతో లాగుతాం. కండరం కాగితం మీద నిలుస్తుంది, దాన్ని పట్టుకున్న విషమూ నిలుస్తుంది, మిగిలింది కిందికి పోతుంది. కాగితాన్ని తీసుకెళ్లి కౌంటర్‌లో పెడితే అంకె వస్తుంది. వినడానికి ఇంతే. కానీ ఆ విషం జిగురుది. చోటు దొరికినా దొరకకపోయినా గాజుకూ అంటుకుంటుంది, కాగితానికీ అంటుకుంటుంది. అందుకని ప్రతి గొట్టానికీ ఇంకో గొట్టం జతగా పెట్టేవాళ్లం. అందులో ముందే మామూలు విషం దండిగా పోసి చోట్లన్నీ నింపేస్తాం. ఆ తర్వాత హాట్ పోస్తే దానికి కూర్చునే చోటే ఉండదు. అయినా ఏదైనా అంకె వచ్చిందంటే అది ఉత్తగా అంటుకున్నదే. ఆ జత గొట్టం పేరు బ్లాంక్. అసలు అంకెలోంచి బ్లాంక్ తీసేస్తే మిగిలేదే నిజం.

మా సారుకు బ్లాంక్ అంటే ప్రాణం. ఎంత సంబరంగా అంకెలు పట్టుకెళ్లినా తల ఎత్తకుండా, "పహలే బ్లాంక్ బోలో మియా" అనేవారు. ముందు బ్లాంక్ చెప్పమని. నేను చెబితే గానీ ఇరానీ చాయ్ కప్పు కింద పెట్టేవారు కాదు. పాతబస్తీలోనే పుట్టి, విదేశాల్లో చదివి, మళ్లీ పాతబస్తీకే వచ్చిన మనిషి. కోపం వచ్చినా సంతోషం వచ్చినా ముందు ఉర్దూ, ఆ తర్వాతే తెలుగు.

ఈ పని నిజానికి ఒక మేడమ్ పరిశోధన. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటూ పీహెచ్‌డీ చేసేది. నాకంటే నాలుగేళ్లు పెద్దదైనా నన్ను 'గారూ' అనే పిలిచేది, అది మా బస్తీలో ఎవరికైనా చెబితే నవ్వేవాళ్లు. ఎలుకల ఆపరేషన్లు ఆమె చేసేది, గొట్టాల పని నాది. మూడో మనిషి మా అక్క. గాజు సామాను కడిగే పనిలో రోజుకూలి మీద ఉండేది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్లేది, మిగతా వారం వంటింటి సింకు దగ్గర నిలబడేది. వయసులో మా అందరికంటే పెద్దది కాబట్టి సారుతో సహా అందరికీ అక్కే.

గొట్టాలను క్రోమిక్ ఆసిడ్‌లో నానబెట్టి కడగాలని రూలు. ముదురు నారింజ రంగులో ఉండే ఆ ఆసిడ్ గాజు మీది మురికినే కాదు, చేతి చర్మాన్నీ తినేస్తుంది. అక్క వేళ్ల సందులన్నీ పగిలి ఉండేవి. హాట్ బెంచీ దగ్గర మాకు రబ్బరు చేతొడుగులు ఉండేవి. సింకు దగ్గర ఉండేవి కావు. ఎందుకు లేవని ఎవరికీ తట్టలేదు.

ఆ ఎండాకాలం మొదట్లో అంకెలు పెరగడం మొదలుపెట్టాయి. అదే ఎలుకలు, అదే విషం, అదే నేను. కానీ అంతకు ముందు ఎన్నడూ రానంత పట్టు వస్తోంది. బ్లాంక్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. మేడమ్ గ్రాఫు కాగితం మీద చుక్కలు పెడుతూ, "మీది మంచి చెయ్యి అండీ" అంది. సారు ఒకరోజు నా వెనక నిలబడి నేను పిపెట్ పట్టుకోవడం చాలాసేపు చూశారు. చివరికి నా భుజం తట్టి, "క్యా హాథ్ హై", ఏం చెయ్యి అని మెచ్చుకుని వెళ్లిపోయారు. ఆ వారంలోనే పర్మనెంట్ టెక్నీషియన్ పోస్టు ఒకటి వచ్చిందనీ, వానాకాలంలో ఇంటర్వ్యూ ఉంటుందనీ, నా పేరు పైవాళ్లకు చెప్పాననీ అన్నారు. టెంపరరీ వాళ్లను ఆ వానాకాలం దాటి ఉంచరనే మాట కూడా అప్పుడే తెలిసింది. వస్తే ఈ ఉద్యోగం, రాకపోతే బర్రెలు.

ఇంట్లో చెప్పడమే నా పొరపాటు. బాపు మరుసటి రోజు పాలతో పాటు ఆ వార్త కూడా ఇంటింటికీ పోసి వచ్చాడు. "మావోడు పాము విషం కొలుస్తడు. చిన్నప్పటిసంది పాలు కొలిసిన చెయ్యి గది, గట్లనే ఉంటది మరి" అని ఆయన అంటుంటే మాదన్నపేట కూరగాయల మార్కెట్‌లో నన్ను చూసి జనం పక్కకు జరిగేవాళ్లు. గౌరవమో, నా జేబులో పాము ఉందని భయమో తెలియదు.

వానలు మొదలవుతుండగా అక్క తన కూతురి కాన్పు కోసం మెదక్ వైపు వెళ్లింది. ఆమె లేనన్నాళ్లూ గొట్టాలు నేనే కడిగాను, రూలు ప్రకారం ఆసిడ్‌తో. ఆ వారమే అంకెలు పడిపోయాయి. కొద్దిగా కాదు, ఎండాకాలానికి ముందు ఎక్కడున్నాయో అక్కడికి. మేడమ్ మొదట విషం పాతబడిందేమో అనుకుంది. లెక్క వేస్తే కాదని తేలింది. ఐసు కరిగిందేమో అనుకున్నాం, పొద్దున్నే ఐసు ఫ్యాక్టరీకి పోయి ఊకలో కప్పిన గడ్డ తెచ్చాను. అదీ కాదు.

"ఏమైనా మార్చారా అండీ?" అని మేడమ్ మెల్లగా అడిగింది.

"ఏం మార్చలే మేడమ్. నేనైతే ఏం మార్చలే."

సారు మాత్రం అంకెలు చూసి కాగితం వెనక్కి ఇచ్చేశారు. అది ఇంకా భయం. ఒక్కో గొట్టంలో పోసింది సరిపోయిందో లేదో రెండేసి సార్లు చూసుకోవడం మొదలుపెట్టాను. మంచి చెయ్యి అని అందరూ అంటుంటే అమ్మకు ముందు నుంచే అనుమానం. ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. ఆ మిరపకాయల ఘాటుకు బర్రెలు కూడా దగ్గాయి గానీ అంకె మాత్రం లేవలేదు. బాపు నా కంచం వైపు చూసి, "తినురా. గా కొలువు లేకుంటె ఏమాయె, కొలపాత్ర ఉన్నది గదా" అన్నాడు. ఆయన నన్ను ఓదార్చడానికి అన్నాడు. నేను కంచం పక్కకు జరిపి లేచాను.

ఇంటర్వ్యూ దగ్గర పడ్డాక అక్క తిరిగొచ్చింది. మనవరాలు పుట్టిందని అందరికీ బెల్లం ముక్కలు పంచి, చీర చెంగు బిగించి సింకు దగ్గరికి వెళ్లింది. రెండు రోజులకు అంకెలు లేచాయి. అంతే, పాత ఎత్తుకు లేచి కూర్చున్నాయి. మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడింది. సారు, "హాథ్ వాపస్ ఆగయా" అన్నారు. చెయ్యి తిరిగొచ్చిందట. నేను గాల్లో తేలుతూ వంటింట్లోకి వెళ్లాను. అక్క కాలు మంచిది, ఆమె వచ్చాకే నా దశ తిరిగిందని ఆమెతో చెప్పాలని.

అక్క పక్కన పెద్ద బకెట్. నిండా గోధుమరంగు నీళ్లు, పైన తెల్లటి నురగ. అందులో నా గొట్టాలు మునిగి ఉన్నాయి.

"గిదేందక్కా?"

"కుంకుడుకాయ నీళ్లు. ఏంది, ఎన్నడు తలకు పోసుకోలేదా?"

"గొట్టాలు గిండ్లనే కడుగుతున్నవా?"

"మరి? గా ఆసిడ్ తోని చేతులు ఖరాబయినయి తమ్మీ. అన్నం కలుపుకుంటె మంట, చీర పిండితె మంట. ఎండలు మొదలయినకాడి నుంచి గిట్లనే కడుగుతున్న. అద్దం లెక్క అయితలేవా?"

"కడిగినంక మంచి నీళ్లు పోస్తున్నవా?"

"పోస్త. నల్లా వచ్చేదే గంట. గా గంటల ఎన్ని నీళ్లు పోస్తరు? ఒక్కసారి ముంచి బోర్లిస్త. ఏమైంది, గట్ల అయినవేంది?"

నేను ఆ నురగ వైపే చూస్తూ నిలబడ్డాను. ఎండలు మొదలైనప్పుడు అంకెలు పెరిగాయి. అక్క ఊరికి పోయినప్పుడు పడ్డాయి. అక్క వచ్చాక లేచాయి. ఇందులో నా చెయ్యి ఎక్కడా లేదు. నిలబడ్డ చోటే ఆమెకు చెప్పేశాను. ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుంది. పగుళ్లన్నీ మాని ఉన్నాయి.

"అంటే నా పని పోతదా?"

"ఏమో అక్కా."

"మరి నీది?"

"నాది గూడ పోవచ్చు."

"పోతె పోనీ. ఇద్దరం మీ బాపు దగ్గర పాలు పోద్దం. బర్రెలను కడుగుడు నాకు వచ్చు" అంది. ఆ మాటకు నవ్వు వచ్చింది, నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె నన్ను చెప్పొద్దని అనలేదు. అంటే ఏం చేసేవాడినో నాకు ఇప్పటికీ తెలియదు. నోరు మూసుకుంటే ఇంటర్వ్యూ దాకా అంకెలు బాగానే ఉంటాయి కదా.

మేడమ్‌తో చెప్పడం ఇంకా కష్టమైంది. ఆ ఎండాకాలపు గ్రాఫులన్నీ ఆమె థీసిస్‌లోకి పోవాల్సినవి. ఆమె విని ఆ గ్రాఫు కాగితాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచింది. తిట్టినా బాగుండు అనుకున్నాను. చివరికి తల ఎత్తి, "ముందు బ్లాంక్ చూద్దామండీ" అంది. సారు మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి.

ఆసిడ్‌తో కడిగి శుభ్రంగా నీళ్లు పోసిన గొట్టాలు కొన్ని తీసుకున్నాం. సగం వాటిలో పలచటి కుంకుడు నీళ్లు ఒక చుక్క వేశాం, సగం వాటిలో ఉత్త నీళ్లు. కుంకుడు చుక్క పడిన వాటిలో అంకె పెరిగింది. బ్లాంక్ పెరగలేదు. మురికి వల్ల ఊరికే అంటుకుంటున్నదైతే బ్లాంక్ కూడా పెరగాలి. పెరగలేదంటే విషం నిజంగా చోట్లలోనే కూర్చుంటోంది, అంతకు ముందు దానికి అందని చోట్లలో. మేడమ్ స్టూల్ మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కండరాన్ని నూరినప్పుడు దాని పొరలు మూతి కట్టిన చిన్న చిన్న సంచుల్లా ముడుచుకుపోతాయనీ, కొన్ని చోట్లు ఆ సంచుల లోపలే ఉండిపోతాయనీ, కుంకుడు ఆ సంచులకు సన్నటి కంతలు పెట్టి విషాన్ని లోపలికి పంపుతోందనీ నాకు వివరంగా చెప్పింది. "అంటే ఎండాకాలం అంకెలు తప్పు కాదండీ. కానీ వాటిని ఇలాగే రాయడానికి లేదు. ఏ గొట్టంలో ఎంత కుంకుడు మిగిలిందో మనకు తెలియదు కదా. మళ్లీ చేయాలి, అన్నీ." ఆ 'అన్నీ' అన్నప్పుడు మాత్రం ఆమె గొంతు తగ్గింది. తన ఎండాకాలం పనినంతా పక్కన పెట్టేసిన ఆ మనిషి ఆ రోజు నా మీద ఒక్క మాట తూలలేదు. ఇన్నేళ్లయినా అది తలచుకుంటే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

ముగ్గురం కలిసి సారు గదిలోకి వెళ్లాం. మేడమ్ చెప్పింది, నేను మధ్యలో అందుకున్నాను, అక్క తలుపు దగ్గరే నిలబడింది. సారు చాయ్ చల్లారిపోయి మీగడ కట్టింది. ఆయన అక్క చేతుల వైపు చూశారు. "ఎండలకు ముందు చేతులు ఎట్ల ఉండె?" అని అడిగారు. ఆమె చెప్పింది. ఆయన లేచి హాట్ రూమ్ అల్మారా తెరిచి కొత్త చేతొడుగుల జత తీసి, తలుపు దాకా నడిచి వచ్చి ఆమె చేతిలో పెట్టారు.

"మాఫ్ కర్నా అక్కా. ఇది మేము ముందే ఇయ్యాల్సింది."

అక్క వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. చేతొడుగులను కొంగులో ముడి వేసుకుంది, ఇంటికి తీసుకెళ్లే పండులాగా. అంత పెద్ద మనిషి ఆమె ముందు తల వంచుకుని నిలబడటం చూశాక నాకు ఇంటర్వ్యూ భయం సగం పోయింది. సగమే. సారు నా వైపు తిరిగారు.

"ఇగ నీ చెయ్యి సంగతి మియా. చాలాసార్లు తారీఫ్ చేసిన. అదంతా వాపస్ తీసుకుంటున్న."

"సరే సార్. మరి ఇంటర్వ్యూ?"

"ఇంటర్వ్యూ నేను ఒక్కన్నే చేయను. పోయి జవాబు చెప్పుకో."

ఇంటర్వ్యూ రోజు బాపు ఇచ్చిన ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. బయటి నుంచి వచ్చిన ఒక పెద్దాయన మధ్యలో కూర్చున్నారు. సారు ఒక పక్కన చాయ్ కప్పు పట్టుకుని కూర్చుని పైన తిరిగే ఫ్యాన్‌ను చూస్తున్నారు. పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని, ఎండాకాలంలో నా పని చాలా మెరుగైందని విన్నాననీ, ఏం మార్చానో చెప్పమనీ అడిగారు. ఆయనకు కుంకుడుకాయ సంగతి తెలియదని ఆ ప్రశ్నతోనే అర్థమైంది. సారు ఆ మాట నా బదులు చెప్పలేదు, నన్ను దాచమనీ అనలేదు. సారు వైపు చూశాను. ఆయన ఫ్యాన్‌నే చూస్తున్నారు.

"నేనేం మార్చలేదు సార్" అన్నాను. "గొట్టాలు కడిగే అక్క మార్చింది."

నేను మొదటి నుంచీ చెప్పాను, అక్క చేతులు, నల్లా నీళ్లు, బకెట్ అన్నీ. పెద్దాయన పక్కనున్న ఇంకొకాయన నవ్వు ఆపుకోలేక దగ్గారు. పెద్దాయన నవ్వలేదు. "గొట్టాల్లో సబ్బు మిగిలితే పెరిగింది అంటున్నావు. అది ఉత్త మురికి కాదని నీకెలా తెలుసు?" అని అడిగారు.

"బ్లాంక్ పెరగలేదు సార్."

అప్పుడు మా సారు ఫ్యాన్ మీంచి చూపు దించారు. ఒక గుక్క చాయ్ తాగి, కప్పు కింద పెట్టారు.

ఉద్యోగం వచ్చింది. ఆ కాగితం అందిన రోజు మేడమ్ ప్రయోగాలన్నీ మళ్లీ మొదటి నుంచి చేస్తోంది, ప్రతి కండరానికీ కుంకుడు వేసి ఒకసారి, వేయకుండా ఒకసారి. పొరల లోపల దాగిన చోట్లు ఎన్నో ఆ తేడాలో తెలిసేది. థీసిస్ ఆలస్యమైంది గానీ బరువైంది. ఆ పనికి కావలసిన కాయలు ఏరి, గింజ తీసి, నానబెట్టి ఇచ్చింది అక్కే, చేతొడుగులు వేసుకుని. సారు పట్టుబట్టి పట్టుబట్టి చాలా ఏళ్ల తర్వాత ఆమెను కూడా పర్మనెంట్ చేయించారు. నేను తర్వాత ఎన్నో ల్యాబులు చూశాను, మంచి మిషన్లు చూశాను. ఆ ముగ్గురి లాంటి మనుషుల మధ్య పని నేర్చుకునే అదృష్టం ఎంతమందికి దొరుకుతుందో నాకు తెలియదు. నాకు దొరికింది.

బాపుకు మాత్రం అసలు సంగతి అర్థం కాలేదు. పాలు కొలిచిన చెయ్యి వల్లే కొలువు వచ్చిందని చివరిదాకా చెప్పుకున్నాడు. నేను దిద్దలేదు.

ఆ ఏటి నుంచి నేను ప్రతి ఎండాకాలం బేగంబజార్‌కు పోయి మంచి కుంకుడుకాయలు ఒక సంచి కొని అక్కకు ఇచ్చేవాడిని. ఆమె రిటైరయ్యాక ఇంటికి తీసుకెళ్లి ఇచ్చేవాడిని. ఎప్పుడు ఇచ్చినా వెంటనే చెయ్యి చాపేది కాదు. సంచి వైపూ నా వైపూ అనుమానంగా చూసి, "తమ్మీ, ఇవి ల్యాబ్‌కా, తలకా?" అని అడిగేది.

"తలకే అక్కా."

"అయితె ఇటు తే" అనేది.